నీటి ఊపిరి

పగిడ్యాల నంద్యాల జిల్లాలో నందికొట్కూరునకు సమీపమున నున్న యొక యూరు. ఆ పేరుగల మండలమునకు ముఖ్యస్థానము. 2022వ సంవత్సరమున నంద్యాల జిల్లా ఏర్పడువరకు ఇది కర్నూలు జిల్లాలో చేరియుండెను. ఈ మండలపు టంచున కృష్ణానది కలదని పటములు చూపును. కాని వానకాలము నడుమనుండి శీతకాలపు చివరివరకు అచ్చట నది కన్పట్టదు. శ్రీశైలము ఆనకట్ట వెనుక నిలిచిన నీరు ఇంతదూరము ఎగదన్ని వ్యాపించి, నదిని, దాని గట్టులను, ఆ గట్టులపై నొకప్పుడుండిన పొలములను గూడ తనలో కలుపుకొని నిశ్చలముగా నుండును.

భాద్రపద మాసమున ముచ్చుమర్రి వద్ద ఎత్తైన చోట నిలువబడి చూచినచో కనుచూపుమేర నీరే. ఆవలి యొడ్డు సన్నని గీతవలె మసకగా తోచును. అదే తావును చైత్రమున చూచినవారు తాము వేరొక దేశమునకు వచ్చితిమేమో యని భ్రమపడుదురు. నీరు దినదినము వెనుకకు తీయుచుండగా ఏటవాలు నేల బయటపడును. మొదట కాలు మోపరాని బురద; కొన్ని దినములకు బీటలు; ఆ బీటలనుండి పచ్చిక. గొర్రెల మందలు వచ్చును. ఒండ్రులో పదను మిగిలియున్న చోట రైతులు విత్తనములు చల్లి, మరల నీరు రాకమునుపే పంట తీసికొనుటకు తొందరపడుదురు. సమీపముననే, కొత్తపల్లె మండలములో, సంగమేశ్వరాలయము నీటినుండి వెలువడును. మొదట శిఖరము, తరువాత గోడలు, చివరకు గర్భాలయము. ఏటికి కొన్ని నెలలు మాత్రమే భక్తులకు దర్శనము దొరకు దేవాలయమిది.

ఈ దృశ్యమును చూడవచ్చినవారు నీటిని చూతురు, గుడిని చూతురు. అచ్చట రేయింబవళ్లు సాగుచున్న మరియొక వ్యాపారము మాత్రము వారి కంటబడదు. పుట్టిలో కూర్చుండి వలలు సవరించుకొను జాలరులకు అది కొంత తెలియును. ఒడ్డునకు దగ్గరగా, లోతు లేని చోట, అడుగునుండి బుడగలు వరుసగా పైకి వచ్చుచుండును. తెడ్డుతో బురదను కదల్చినచో ఒక్కమారుగా అనేకములు పొంగును. చేప కదలినదని తలచువారు కలరు. చేప లేనిచోటను బుడగలు వచ్చును. ఆ బుడగలలో నున్నది ఏమి?

ఈ ప్రశ్నకు మొదట సమాధానము చెప్పినవాడు ఇటలీ దేశస్థుడైన అలెస్సాండ్రో వోల్టా. విద్యుద్ఘటమును నిర్మించి తరువాతి కాలమున మిక్కిలి ప్రసిద్ధి కెక్కినవాడీతడే. విద్యుత్ పీడనమును కొలుచుటకు వాడు వోల్టు అను మాట ఈతని పేరునుండి పుట్టినది. 1776వ సంవత్సరము నవంబరు మాసమున ఈతడు మజ్జోరె అను సరస్సు అంచున రెల్లుపొదల నడుమ కర్రతో బురదను కదల్చెను. నీటితో నింపి బోర్లించిన సీసాను బుడగలకు పైన పట్టెను. బుడగలు సీసాలోనికి ఎక్కుకొలది నీరు దిగిపోయెను. అట్లు పట్టిన వాయువునకు మంట చూపగా అది నీలిరంగు జ్వాలతో మండెను. దానినే చిత్తడి వాయువనిరి. నేటి రసాయన శాస్త్రము మిథేన్ అనుచున్నది. ఇంత గొప్ప విషయమును కనుగొనుటకు కావలసిన పరికరములు ఒక కర్ర, ఒక సీసా. అయినను నిప్పుతో కూడినది గావున పిల్లలు తమంత తామై చేయదగిన ప్రయోగము కాదు.

మిథేన్ బురదలో ఎట్లు పుట్టుచున్నది? దీనికి మూలము చెట్టు ఆకులో నున్నది. ఆకు గాలిలోని బొగ్గుపులుసు వాయువును గ్రహించి, సూర్యరశ్మి సాయమున, అందలి కర్బనముతో తన దేహమును కట్టుకొనును. ఆకు రాలి మట్టిలో కలియును. వాన దానిని వాగునకు, వాగు నదికి అప్పగించును. నీటిలోని సూక్ష్మజీవులకు అదియే అన్నము. ప్రాణవాయువు దొరకు చోట అవి ఆ యన్నమును తిని, మనుష్యులవలెనే, బొగ్గుపులుసు వాయువును విడుచును. అడుగు బురదలో ప్రాణవాయువు చొరదు. అచ్చట బ్రతుకు సూక్ష్మజీవుల జాతి వేరు. వాని పనివలన వెలువడునది మిథేన్. ఈ రీతిగా ఆకు పట్టి తెచ్చిన కర్బనము మరల గాలిలోనికి పోవును. నీరు ఊపిరి విడుచుచున్నదనుట కవులు చేయు వర్ణన వంటిది కాదు, ఉన్నమాటయే.

బుడగలు కానరాని చోటను ఈ ఊపిరి యాగదు. గోలీసోడాను చూచినచో ఇది తెలియును. గోలీ బిగిసియున్నంతవరకు సీసాలో నీరు తప్ప వేరొకటి యున్నట్లు తోపదు. గోలీని నొక్కగనే, అణచిపెట్టబడిన బొగ్గుపులుసు వాయువు బుస్సుమని పైకి లేచును. నదులలోను సరస్సులలోను ఈ వాయువు కరగి యుండును. నీటిలో గాలికంటె నెక్కువ పాళ్లలో ఉన్నప్పుడు, పైపొరనుండి మెల్లమెల్లగా, ధ్వని లేకుండ, అది బయటికి పోవుచుండును.

చిరకాలము శాస్త్రజ్ఞులు ఈ సంగతిని గణింపలేదు. నేలనుండి కొట్టుకొనివచ్చిన పదార్థమును సముద్రమునకు చేరవేయు గొట్టము వంటిది నది యని వారి తలంపు. 1994లో అమెరికా దేశపు శాస్త్రజ్ఞుడు జోనథన్ కోల్, ఆతని తోడివారు, ప్రపంచమున 1,835 సరస్సుల నీటిని గూర్చిన లెక్కలను పరిశీలించిరి. ఆ నమూనాలలో నూటికి 87 వంతులు గాలికి సరిపడిన దానికంటె నెక్కువ బొగ్గుపులుసు వాయువును కలిగియుండెను. 2007లో వారే మరియొక లెక్క కట్టిరి. నేలనుండి ఏటేట సుమారు 190 కోట్ల టన్నుల కర్బనము నదులలోను సరస్సులలోను చేరుచున్నది. అందులో సముద్రమును చేరునది 90 కోట్ల టన్నులు మాత్రమే. 20 కోట్ల టన్నులు అడుగు మట్టిలో పూడిపోవును. మిగిలిన 80 కోట్ల టన్నులు దారిలోనే గాలిలో కలియును. గొట్టమునుండి ఇంత సొమ్ము దారిలో కారిపోవుచున్నదని ఎవ్వరును అంతకుముందు అనుకొని యుండలేదు. తరువాత 2013లో వెలువడిన లెక్క గాలిలో కలియునది 210 కోట్ల టన్నులని, అందు అధిక భాగము నదులదేయని చెప్పినది.

తెలుగు దేశపు నదియు దీనికి వెలి కాదు. గోదావరి సముద్రమున కలియు తావున విశాఖపట్టణములోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థవారు పరిశోధన చేసిరి. వరదకాలమున ఎర్రనీరు దిగివచ్చునప్పుడు ఆ నీటిలో బొగ్గుపులుసు వాయువు మిక్కుటముగా నుండుటయు, వేసవిలో గణనీయముగా తగ్గుటయు వారు కనుగొనిరి. వరద అడవులనుండి, పొలములనుండి, ఊళ్లనుండి తెచ్చిన పదార్థమంతయు అచ్చట కుళ్లుచున్నదనుటకు ఇది నిదర్శనము.

నేడు శాస్త్రజ్ఞులకు ఎక్కువ భయమును కలిగించుచున్నవి మాత్రము ఉష్ణదేశపు నదులు కావు. ఉత్తర ధ్రువమునకు సమీపముననున్న చలిదేశముల నదులు, సరస్సులు. మంచు నెరుగని వారికి దీని కారణము తెలియవలెనన్న, ముందుగా జొన్నపాతరను గూర్చి చెప్పవలెను.

కర్నూలు సీమలో పూర్వము జొన్నలను పాతరలలో దాచెడివారు. గట్టినేలలో లోతుగా గొయ్యి త్రవ్వి, చుట్టును గడ్డి పరచి, గింజలు పోసి, పైన మరల గడ్డి వేసి మట్టితో కప్పి మెత్తెడివారు. తేమ తగులనంత కాలము గింజ చెడకుండ ఏండ్ల తరబడి నిలిచెడిది. కరవు వచ్చిన యేట ఆ పాతరయే ఇంటిల్లిపాదిని కాపాడెడిది. కాని దానిని తెరచునప్పుడు పెద్దలు ఒక జాగ్రత్త తీసికొనెడివారు. మూత తీసినవెంటనే ఎవ్వరిని లోపలికి దిగనిచ్చెడివారు కారు. కొంతకాలము గాలి తగులనిచ్చి, దీపమును దించి, అది ఆరకుండ వెలిగిన పిదపనే దిగెడివారు. గింజయు ఊపిరి విడుచును. అది విడిచిన బొగ్గుపులుసు వాయువు గాలికంటె బరువైనది గావున గోతిలో పేరుకొనును. దీని నెరుగక తొందరపడి దిగినవాడు స్పృహ తప్పి పడిపోవును, ప్రాణాపాయమును కలుగును.

ఉత్తర ధ్రువ ప్రాంతమున ప్రకృతి ఇటువంటి పాతర నొకదానిని త్రవ్వి పెట్టినది. సైబీరియా, అలాస్కా, కెనడా దేశముల ఉత్తర భాగములలో నేల ఏడాది పొడవునను గడ్డకట్టి యుండును. వేసవిలో పైపొర మాత్రము కొన్ని జేనలు కరగును. దాని క్రింద రాతివంటి హిమభూమి. వేలకొలది యేండ్లుగా అచ్చట పెరిగి చచ్చిన గడ్డి, నాచు, వేళ్లు, జంతువుల కళేబరములు కుళ్లుటకు వీలులేక ఆ నేలలో నట్లే నిలిచియున్నవి. పూర్వయుగపు మహాగజముల శరీరములు వెండ్రుకలతో సహా అందుండి బయటపడినవన్న, ఆ పాతర ఎంత పదిలమైనదో ఊహింపవచ్చును.

ఈ హిమభూమి ఎంత లోతున్నదో మొదట ఎవ్వరికిని తెలియదు. ఆ సంగతి ఒక బావివలన తెలియవచ్చినది. సైబీరియాలో లీనానది యొడ్డున యాకూట్స్క్ అను పట్టణము కలదు. అచ్చట ఒక వర్తక సంఘపు ఉద్యోగి, ఫ్యోదర్ షెర్గిన్ అనునాతడు, త్రాగునీటికై 1828లో బావి త్రవ్వింప నారంభించెను. పది గజములు త్రవ్వినను గడ్డకట్టిన మట్టియే. ఇరువది గజములు త్రవ్వినను అదియే. వేరొకడైనచో మానివేసెడివాడు. ఈతడు తొమ్మిదేండ్లు పట్టు విడువలేదు. 1837 నాటికి బావి 116 మీటర్ల లోతునకు పోయెను. నీటిచుక్క దొరకలేదు. నీటికొరకు త్రవ్విన బావి, నీరు పడకపోవుటచేతనే లోకప్రసిద్ధమైనది. తరువాత మిద్దెన్‌దార్ఫ్ అను శాస్త్రజ్ఞుడు 1840వ దశకమున వచ్చి బావిలో వేర్వేరు లోతులయందు ఉష్ణమానములను ఉంచి చూచెను. అడుగునను చలి సున్న డిగ్రీలకు దిగువనే యుండెను. సైబీరియాలో కొన్ని చోట్ల హిమభూమి వేయి మీటర్లకు మించి లోతున్నదని నేడు తెలియవచ్చినది.

ఈ పాతరలో నిలువయున్న కర్బనము సుమారు లక్షన్నర కోట్ల టన్నులని అంచనా. భూమిపై గాలిలో నున్న కర్బనమంతయు కలిసినను దీనిలో సగమునకు కొంచెము మించును. జొన్నపాతరకు మూత మట్టి. ఈ పాతరకు మూత చలి. ఆ మూత ఇప్పుడు తొలగుచున్నది. బొగ్గు, చమురు మండించుటవలన లోకమంతటను వేడి పెరుగుచున్నది. ధ్రువ ప్రాంతమున ఆ పెరుగుదల ప్రపంచపు సగటుకంటె మూడు నాలుగు రెట్లు వేగముగా నున్నది.

నేలలోని మంచు కరగినప్పుడు ఆ మంచు ఆక్రమించియున్న చోటు ఖాళీయగును. నేల క్రుంగును. క్రుంగిన చోట నీరు నిలిచి సరస్సగును. నిలిచిన నీరు వేడిని లోనికి దింపి, అడుగున నున్న హిమభూమిని మరికొంత కరగించును. సరస్సు మరింత లోతగును. గట్టున నున్న చెట్లు ఒరిగి నీటిలో పడును. వేల యేండ్లు నిద్రించిన గడ్డివేళ్లు మెత్తబడి బురదలో కలియును. సూక్ష్మజీవులకు పండుగ. పైన శీతకాలమున గజము మందమున మంచు కప్పియున్నను, అడుగున బురద గడ్డకట్టదు గావున వాని పని యాగదు. పైకి వచ్చిన బుడగలు మంచుపలకకు తగిలి, దాటలేక, అచ్చటనే చిక్కుకొనును. మంచు దిగువకు పెరుగుచుండగా క్రొత్త బుడగలు క్రింద చేరును. నిర్మలమైన మంచులోనుండి చూచినచో అవి తెల్లని పళ్లెములు దొంతిగా పేర్చినట్లు కనబడునట. పరిశోధకులు ఆ మంచునకు రంధ్రము చేసి మంట చూపగా, వోల్టా సీసాలో వెలిగిన జ్వాలయే, ఆళ్లెత్తున లేచును.

2006లో కేటీ వాల్టర్ అను అమెరికా శాస్త్రజ్ఞురాలు, ఆమె తోడివారు, ఉత్తర సైబీరియాలోని ఇట్టి సరస్సులనుండి వెలువడు బుడగలను పరీక్షించిరి. కర్బనము వయస్సును తెలిసికొను పద్ధతి యొకటి కలదు. దానిని ప్రయోగింపగా, కొన్ని బుడగలలోని కర్బనము 35 వేల యేండ్లకు పూర్వపుదని తేలెను. అనగా మానవుడు వ్యవసాయ మెరుగని కాలమున ఏదో గడ్డిపరక గాలినుండి గ్రహించిన కర్బనము ఇప్పుడు గాలిలోనికి తిరిగివచ్చుచున్నదన్నమాట.

నదుల సంగతియు ఇట్టిదే. ఓబ్, యెనిసీ, లీనా అను మహానదులు మూడును దక్షిణమున పుట్టి ఉత్తర సముద్రమున కలియును. పడమటి సైబీరియాలో స్వీడన్, రష్యా దేశముల శాస్త్రజ్ఞులు దక్షిణమునుండి ఉత్తరమునకు, హిమభూమి లేనిచోటినుండి దట్టముగా నున్నచోటివరకు, అనేక నదుల నీటిని పరీక్షించి 2018లో ఫలితములను ప్రకటించిరి. ఆ నదులు సముద్రమునకు చేర్చు కర్బనముకంటె దారిలో గాలికి విడుచునదే యెక్కువ. మిక్కిలి చలిగల చోట ఈ యూపిరి తక్కువ. హిమభూమి తునకలు తునకలుగా మిగిలి కరగుచున్న చోట అది మిక్కిలి హెచ్చు. పాతర మూత సగము తెరచిన చోటనే ఆవిరి యెక్కువగా రావడము సహజమే. భయమునకు కారణ మిదియే. వేడివలన హిమభూమి కరగును. కరగినందున వాయువులు వెలువడును. ఆ వాయువులు వేడిని ఇంకను పెంచును. గానుగెద్దువలె ఈ కార్యకారణములు ఒకదాని వెంట నొకటి తిరుగుచుండును. ఒకసారి వెలువడిన కర్బనమును మరల ఆ పాతరలో పెట్టుట ఏ ప్రభుత్వమువలనను కాదు.

పగిడ్యాల సీమలో మంచు లేదు. కాని కర్బనమును దాచు నేల, దానిని ముంచు నీరు, ముంచి విడిచి మరల ముంచు ఏర్పాటు ఇచ్చట కలవు.

శ్రీశైలము ఆనకట్టకు 1963 జూలై మాసమున ప్రధానమంత్రి జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసెను. 1980 తరువాత నీరు నిలుప నారంభించిరి. నిండుగా నున్నప్పుడు జలాశయపు నీటిమట్టము సముద్రమునకు 885 అడుగుల ఎత్తున నుండును. నీటి విస్తీర్ణము సుమారు 615 చదరపు కిలోమీటరులు. ఇందులో కృష్ణకు ఇరుప్రక్కల నున్న సుమారు నూరు గ్రామములు మునిగెను. కూడవెల్లి సంగమేశ్వరాలయమును రాతికి రాయిగా విప్పి అలంపురమునకు తరలించి మరల కట్టిరి. రాతిగుడిని తరలించుట సాధ్యమైనది. పొలమును తరలించుట ఎవ్వరికిని సాధ్యము కాలేదు. ఎడ్లబండ్లపై సామానులు, దూలములు, తలుపులు ఎక్కించుకొని కుటుంబములు ఎత్తైన చోట్లకు పోయి క్రొత్త ఊళ్లు కట్టుకొనినవి. నేటికిని వేసవిలో నీరు తీసినప్పుడు ముదుసలి యొకడు మనుమని వెంటబెట్టుకొని ఆ బీటల నేలపై నడచుట కలదు. “అబ్బా! ఇచ్చట మన యిల్లు ఉండెనా?” అని మనుమడు అడుగును. “ఇల్లు అల్లదుగో, ఆ రాళ్లకుప్ప వద్ద. జొన్నపాతర దానికి ఈవల” అని యాతడు చేయి చూపును.

పొలము మునిగినప్పుడు దానితోకూడ మునిగినవి అనేకములు: చెట్ల మోడులు, వేళ్లు, పొదలు, ఎరువుదిబ్బలు, మట్టిలోని సారము. క్రొత్తగా కట్టిన ఏ జలాశయమైనను తొలి సంవత్సరములలో ఎక్కువగా వాయువులు విడుచుటకు ఇదియే కారణము. ఆ సరకు క్రమముగా తరుగును. కాని శ్రీశైలము వంటి జలాశయమున ఏటేట క్రొత్త సరకు చేరుచుండును. కొంత వరదతో వచ్చును. కొంత అచ్చటనే మొలచును. కొన్ని సంవత్సరములలో నీటిమట్టము 810 అడుగులకంటెను దిగినది. అంత దిగినప్పుడు విశాలమైన నేల బయటపడి గాలికి, ఎండకు ఎదురగును. తడిమట్టికి గాలి తగులగనే సూక్ష్మజీవులు చురుకుగా పనిచేసి బొగ్గుపులుసు వాయువును విడుచును. ఆ నేలపై మొలచిన పచ్చిక శ్రావణమున నీరు రాగానే మునిగి కుళ్లును. అప్పుడు మిథేన్ పుట్టును.

ఇందులో లోతునకు ముఖ్యమైన పాత్ర కలదు. ఆనకట్ట సమీపమున నీరు మిక్కిలి లోతు. అచ్చట అడుగున పుట్టిన మిథేన్ పైకి వచ్చులోపల, దానిని తిని బ్రతుకు మరియొక జాతి సూక్ష్మజీవులు దానిని చాలవరకు బొగ్గుపులుసు వాయువుగా మార్చును. ముచ్చుమర్రి వంటి అంచు ప్రాంతమున నీరు పలుచన. బుడగ పుట్టిన క్షణకాలములోనే పైకి చేరును. దానిని తినువారికి వ్యవధి యుండదు. నీరు తీయునప్పుడు అడుగు బురదపై బరువు తగ్గును గావున, అందు చిక్కియున్న బుడగలు మరింత సులభముగా విడుదలయగును. గోలీ నొక్కిన సోడావలెనే. జాలరికి బుడగలు ఎక్కువగా కనబడు కాలము, తావు ఎందుచేత నట్లున్నవో దీనివలన తెలియును.

దక్షిణ భారతమున ఇట్టి పరిశోధన జరిగినది. తమిళనాడు, కేరళ, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రములలో చెరువులు, నదులు, జలాశయములు మొదలైన 45 జలస్థానములయందు వాయువులను కొలిచి 2014లో ఫలితములు ప్రకటించిరి. ఆ కొలతలనుబట్టి భారతదేశపు లోతట్టు నీళ్లనుండి ఏటికి సుమారు 21 లక్షల టన్నుల మిథేన్, 2 కోట్ల 20 లక్షల టన్నుల బొగ్గుపులుసు వాయువు వెలువడుచుండునని అంచనా వేసిరి. అంకెలలో మిథేన్ చిన్నదిగా తోచును. కాని వేడిని పట్టి నిలుపుటలో అది, నూరేండ్ల కాలమునకు లెక్కించినచో, బొగ్గుపులుసు వాయువుకంటె సుమారు 28 రెట్లు బలమైనది. ఈ కొలతకు వాడు సాధనము కూడ వోల్టా సీసాకు బంధువే. ఒక తొట్టిని బోర్లించి, మునుగకుండ తేల్చి, కొంత సేపటికి దానిలో చేరిన వాయువును సూదిమందు గొట్టముతో తీసి పరీక్షింతురు. గాలివానలో తొట్టి తిరుగబడును. ఎండలో పనివాని వీపు కాలును. అంకెలు పుస్తకములలో చదువునప్పుడు ఈ శ్రమ కానరాదు.

2021లో జర్మనీ, స్పెయిన్ మొదలైన దేశముల శాస్త్రజ్ఞులు ఉపగ్రహముల సాయమున ప్రపంచములోని జలాశయముల అంచులను పరిశీలించిరి. జలాశయముల విస్తీర్ణములో సగటున నూటికి 15 వంతులు ఇట్లు నీరు తీసి బయటపడి యుండునని తేలినది. అంతవరకు జలాశయములు తమలో పూడ్చుకొను కర్బనము, విడుచు కర్బనము దాదాపు సమానమని పలువురు నమ్మియుండిరి. ఈ బీటల నేలను గూడ లెక్కలో చేర్చగా, విడుచునది పూడ్చుకొనుదానికి రెట్టింపైనది. చూపరులు ఫలము లేని బురదగా ఎంచు నేలయే లెక్కను తారుమారు చేసినది.

పూడిక మాటయు ఇచ్చట చెప్పదగినది. శ్రీశైలము జలాశయము మొదట 308 టి.యం.సి.ల నీటిని పట్టునట్లు కట్టబడినది, ఒక టి.యం.సి. యనగా నూరు కోట్ల ఘనపుటడుగులు. ఒండ్రు చేరి చేరి ఆ పట్టు సుమారు 216 టి.యం.సి.లకు తగ్గినది. నీటిపారుదల శాఖకు ఇది నష్టము. కర్బనపు లెక్క వ్రాయువానికి కొంత లాభము, ఏలయన ఆ యొండ్రుతో కూడ కొంత కర్బనము పూడిపోయినది. ఒకే మన్ను ఒక ఖాతాలో అప్పుగను, మరియొక ఖాతాలో జమగను నిలిచినది!

అట్లయినచో ఆనకట్ట కట్టుట తప్పా యని అడుగవచ్చును. ఈ ప్రశ్నకు తొందరపడి బదులు చెప్పరాదు. శ్రీశైలమున కుడిగట్టున 770, ఎడమగట్టున 900 మెగావాట్ల విద్యుత్తు తీయుటకు యంత్రములు కలవు. ఆ విద్యుత్తు లేనిచో దాని బదులు బొగ్గు మండింపవలసి వచ్చును. పోతిరెడ్డిపాడు తూములద్వారా పోవు నీరు రాయలసీమ పొలములకును, చెన్నపట్టణపు కుళాయిలకును చేరుచున్నది. ముచ్చుమర్రి వద్దనే, నీటిమట్టము తగ్గినప్పుడును నీరు తోడుటకు ఎత్తిపోతల పథకము నిర్మింపబడినది. అది 2017లో పనిచేయ నారంభించినది. కరవు సీమకు నీరెంత విలువైనదో కరవు చూచినవారికి చెప్పనక్కరలేదు.

అంతేకాక కర్బనములలో వయోభేదము కలదు. పగిడ్యాల అంచున కుళ్లు పచ్చిక ఈ యేటి పచ్చిక. అది మొన్న గాలినుండి తీసికొన్నదానినే నేడు గాలికి తిరిగి ఇచ్చుచున్నది. అప్పు తీర్చినవాడు క్రొత్త అప్పు చేసినట్లు కాదు గదా! సైబీరియా హిమభూమి విడుచునది వేల యేండ్లనాటిది. గనులనుండి తీసిన బొగ్గు విడుచునది కోట్ల యేండ్లనాటిది. ఇవి గాలికి నిజముగా క్రొత్త బరువు. బొగ్గు, చమురులనుండి ఏటేట వెలువడు కర్బనము సుమారు 1,000 కోట్ల టన్నులన్న, అసలు దోషము ఎచ్చటనున్నదో విశదమగును. అయినను పచ్చికను పూర్తిగా విడిచిపెట్ట వీలులేదు. అది బొగ్గుపులుసు వాయువుగా తీసికొన్నదానిని మిథేన్‌గా తిరిగి ఇచ్చుచున్నది. రాగి తీసికొని, నిప్పుకణికెలను తిరిగి ఇచ్చినట్లున్నది ఆ బేరము. అందువలన జలవిద్యుత్తు పొగలేని విద్యుత్తు కావచ్చును గాని, వాయువులే లేని విద్యుత్తనుట సరికాదు.

బురదకు చేరు సరకును తగ్గించుట కొంతవరకు మనుష్యుల చేతిలో నున్నది. ఎగువ పట్టణముల మురుగునీరు శుభ్రపడకుండ తుంగభద్రలోను కృష్ణలోను చేరినచో, పొలములనుండి ఎరువులు కొట్టుకొనివచ్చినచో, నాచు బలిసి చచ్చి బురదలో చేరును, బుడగలు హెచ్చును. పూర్వము రైతులు వేసవిలో చెరువు పూడికను బండ్లతో పొలములకు తోలెడివారు. అది పొలమునకు సారము, చెరువునకు ఆరోగ్యము. మహాజలాశయమునకు ఆ పద్ధతి అంత సులభముగా అమరదు. నీరు రాకమునుపే గొర్రెలు పచ్చికను మేసిన మంచిదే గదా యని తోచవచ్చును. కాని గొర్రెయు నెమరు వేయుచు మిథేన్‌ను విడుచును! ప్రకృతి లెక్కలలో ఇట్టి మెలికలు చాల కలవు.

శ్రావణమున ఎగువ వానలు కురిసి వరద దిగును. నీరు బీటలలో మొదట దూరి, బీటలలోని గాలిని తరుముచు, గుడగుడమని ధ్వనిచేయుచు పైకెక్కును. కోయగలిగినంత పంటను రైతులు కోసికొందురు. గొర్రెలను గట్టుమీదికి తోలుదురు. సంగమేశ్వరుని పూజారి నీరు గర్భాలయమును చేరువరకు పూజచేసి వెలికి వచ్చును. కొన్ని దినములకు శిఖరము మాత్రము కనబడును. పిదప అదియు కనబడదు. జాలరులు పుట్టులను మరల నీటిలోనికి దింపుదురు. మునిగిన పచ్చిక మెత్తబడుటకు కొంతకాలము పట్టును. తరువాత ఒకనాటి ఉదయమున, గాలి లేనప్పుడు, వల ప్రక్కన మొదటి బుడగ పైకి వచ్చి పగులును.